యూరియా కాగితం అంటించిన ప్యాడ్లు

పెద్దిరాజు పట్టాలో పడాల్సిన కాయ నేల తాకిందని ఆగిరిపల్లి మామిడితోటల్లో ఎవరైనా అన్నారంటే, అన్నవాడు ఊరికి కొత్త అయి ఉండాలి.

చెట్టెక్కిన కోతగాడు గడకు కట్టిన చిక్కానికి అందని కాయను చేత్తో తుంచి కిందికి వదులుతాడు. కింద ఒక మనిషి గోనెపట్టాను రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని నిలబడతాడు. కాయ అందులో పడాలి. నేలమీద పడిన కాయ పైకి నిక్షేపంలా కనిపిస్తుంది గాని, మూడో రోజుకి లోపల కమిలి, గంపలో తన చుట్టూ ఉన్న పది కాయల్నీ పాడుచేస్తుంది. పద్నాలుగో ఏట పట్టా అందుకున్న పెద్దిరాజుకి ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. తల పైకెత్తి నడవడం ఎంత అలవాటైపోయిందంటే, ఎదురుగా వచ్చే మనిషి కనిపించడు గాని ఏ కొమ్మకి ఎన్ని కాయలున్నాయో చెబుతాడు. కాలి బొటనవేళ్లు ఏడాదిలో పది నెలలు కట్టుగుడ్డలతోనే ఉంటాయి.

ఈ మనిషిని హాకీలోకి లాగినవారు నరసింహులు మేస్టారు. ఆయన డ్రిల్లు మేస్టారుగా రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, ఊళ్లో ఒక హాకీ జట్టు కూర్చారు. కూర్చారు సరే, గోల్లో నిలబడే నాథుడు దొరకలేదు. ఒకనాడు రసాలు కొనుక్కుందామని తోటకి వచ్చారు. చెట్టుమీద నుంచి పెద్దిరాజు బావమరిది చిన్నయ్య ఒకేసారి మూడు కాయలు జారవిడిచాడు. పెద్దిరాజు రెండింటిని పట్టాలోనూ, మూడోదాన్ని మోచేతి వంపులోనూ అందుకున్నాడు. మేస్టారు రసాల సంగతి మరిచిపోయారు.

"ఒరేయ్, నీకు హాకీ తెలుసా?"

"తెలీదండి."

"మంచిది. తెలిసినవాళ్లతో పడలేక చస్తున్నాను. రేపు సాయంత్రం స్కూలు గ్రౌండుకి రా."

మొదటి మ్యాచి సంగతి ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఎవరో కొట్టిన బంతి గాల్లోకి లేచి వచ్చింది. పెద్దిరాజు ఎడంచేత్తో ఒడిసి పట్టేశాడు. పట్టి ఊరుకున్నాడా? నాలుగడుగులు నడిచి, గోల్‌పోస్టు నీడ చూసి, అందులో దెబ్బ తగలకుండా మెల్లిగా దించాడు. అంపైరు ఈల వేశాడు. హాకీలో గోల్‌కీపరు బంతిని చేత్తో ఆపవచ్చు గాని పట్టుకోకూడదు. పట్టుకుంటే అవతలివాళ్లకి పెనాల్టీ స్ట్రోకు. అది గోలైంది, ఆగిరిపల్లి ఓడిపోయింది.

"పట్టుకోవడం తప్పేంటండీ మేస్టారూ? కింద పడేస్తే కదండీ తప్పు?" అన్నాడు పెద్దిరాజు. పాపం, అతనికి నిజంగానే అర్థం కాలేదు.

మేస్టారు "ఇక్కడ అంతేరా" అన్నారు. పెద్దిరాజు వేళ్లు బంతి మీద ముడుచుకోకుండా ఉండడానికి రెండేళ్లు పట్టింది. సాధన చేసేటప్పుడు వాటికి గుడ్డ చుట్టి, తాటాకు ముక్క దన్ను పెట్టి కట్టేవారు.

పైనుంచి వచ్చే బంతికి ఆ తరవాత పెద్దిరాజు దగ్గర పప్పులుడకలేదు. చిక్కల్లా నేలబారు బంతితోనే. మామిడికాయ నేలమీద దొర్లుకుంటూ రాదు కదా! ఎడమ మూలకి నేలబారున బంతి వస్తే గోల్‌కీపరు ఎడంకాలు చాచి, పక్కకి ఒరిగి, నేలమీద జారుతూ వెళ్లి కాళ్లతో అడ్డుకోవాలి. పెద్దిరాజు ఒరిగేవాడు. జారేవాడు కాదు. అతను కాళ్లకి కట్టుకునే ప్యాడ్లు మేస్టారి పాత బడివి. లోపల బెత్తాలు, దూది, పైన ముతక కాన్వాసు. దుమ్ము లేవకుండా గ్రౌండు మీద నీళ్లు చల్లితే ఆ ఎర్రమట్టి కాన్వాసుని పట్టుకుని వదిలేది కాదు. కాళ్లు ఉన్నచోటే ఉండేవి, పెద్దిరాజు మాత్రం ముందుకి బోర్లా పడేవాడు. చింతలపూడి జట్టులో బాలశౌరి అని ఒక ఫార్వర్డు ఉండేవాడు. అతను ఈ కిటుకు కనిపెట్టేశాడు. నూజివీడు వేసవి టోర్నమెంటు ఫైనల్లో వరసగా మూడేళ్లు అదే ఎడమ మూలన గోలు వేసి కప్పు పట్టుకుపోయాడు.

ఎనభై నాలుగు వేసవిలో మేస్టారు పెద్దిరాజును పక్కకి పిలిచారు. విజయవాడ కాలేజీలో చదివే సుబ్బారావు సెలవులకి వచ్చాడు. తోటల ఆసామి ఇంటి కుర్రాడు. సొంత ప్యాడ్లున్నాయి, జారడం వచ్చు.

"ఈ ఫైనలు నువ్వే ఆడరా. ఆ మూలన మళ్లీ గోలు పడిందంటే మాత్రం వచ్చే ఏటి నుంచి సుబ్బారావు నిలబడతాడు. నన్ను తిట్టుకోకు."

"మిమ్మల్ని తిట్టుకుంటానా అండీ" అన్నాడు గాని, ఇంటికి వెళ్లి అన్నం సగంలో వదిలేసి లేచాడు.

"ఏంటి మావా, కూరలో ఉప్పు ఎక్కువైందా?" అంది పెళ్లాం రమణమ్మ.

పెద్దిరాజు చెప్పాడు. మాటలు రాని మనిషి అయినా ఆ పూట వచ్చాయి. ఏడాదంతా ఎవరి తోటలోనో, ఎవరి చెట్టు కిందో నిలబడేవాణ్ని, ఆ రెండు కర్రల మధ్య చోటు ఒక్కటే నాది అనిపిస్తది, అది కూడా పోతే ఎట్టా అన్నాడు. రమణమ్మ నవ్వబోయింది. అతని మొహం చూసి ఆపుకుంది.

మర్నాటి నుంచి మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ప్యాడ్ల మీద పడ్డారు. మొదట పెద్దిరాజు తన తెలివి ఉపయోగించాడు. బండి ఇరుసు తిరగడానికి ఆముదం రాస్తాం కదా అని ప్యాడ్లకి గిద్దెడు ఆముదం పట్టించాడు. గ్రౌండులో ఒక్కసారి ఒరిగేసరికి దుమ్మంతా అంటుకుని, ఆవపిండిలో దొర్లించిన మామిడిముక్కలా లేచాడు. చిన్నయ్య నవ్వలేక చెట్టుకి ఆనుకున్నాడు. తరవాత కొవ్వొత్తి రుద్దారు. కొవ్వొత్తి ఒక్క పూటలో అరిగిపోయింది.

అసలు మార్గం రమణమ్మ చేతి కిందే ఉంది. ఆమె పని ప్యాకింగ్ షెడ్డులో. గడ్డి పరిచి కాయలు పేర్చిన గంపను లారీ దాకా మోయడం ఆడవాళ్ల వల్ల కాదు. అందుకని యూరియా బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని నేలమీద పరిచి, దానిమీద గంపను పెట్టి లాగుతారు. ఆ రోజు కాయలతో నిండిన గంపను ఒంటిచేత్తో లాగుతూ రమణమ్మ సగంలో ఆగిపోయింది. ఒకసారి గంపను చూసింది, ఒకసారి కింద కాగితాన్ని చూసింది. పని దిగగానే మొగుడు ఉన్న చెట్టు కిందికి పరుగున వెళ్లింది.

"మావా, నీ కాలు ఈ గంపకంటే బరువా?"

కాగితం సరే, ప్యాడుకి అది నిలిచేదెలా? కుడితే దారం కుట్లు నేలకి పట్టుకుని చిరిగింది. జిగురు పెడితే ఎండకి ఊడింది. అప్పుడు రమణమ్మకి తమ్ముడి చొక్కా గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట చిన్నయ్య ఎవరి పెళ్లికో వెళ్తూ ఇస్త్రీకి చొక్కా ఇస్తే, జేబులో వక్కపొడి ప్లాస్టిక్ పొట్లం ఉందని చూసుకోక బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించింది. ప్లాస్టిక్ కరిగి గుడ్డలో కలిసిపోయి, జేబు మూతపడింది. బండకేసి బాదినా, సోడా వేసి ఉడకబెట్టినా తెరుచుకోలేదు. ఆ చొక్కా తొడుక్కున్నప్పుడల్లా చిన్నయ్య బీడీలు చెవిమీద పెట్టుకుంటాడు, అక్కని తిడతాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె అరువు తెచ్చారు. ప్యాడు బయటి పక్కన యూరియా కాగితం పరిచి, దానిమీద పాత పేపరు వేసి, రమణమ్మ పెట్టె ఆనించింది. మొదటిసారి వేడి ఎక్కువై కాగితం ముడుచుకుని బొక్క పడింది. రెండోసారి నిప్పులు సగం తీసేసి, పెట్టెను ఒకచోట నిలపకుండా నడిపించింది. చల్లారాక పేపరు ఒలిచారు. కాగితం కాన్వాసుకి చర్మంలా పట్టేసింది. దానితోపాటు పేపరు మీది అచ్చు కూడా తిరగబడి ప్లాస్టిక్ మీదికి దిగింది. రమణమ్మ అద్దం తెచ్చి పెట్టి, స్కూల్లో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ కూడబలుక్కుని చదివింది. "వరుడు కావలెను."

"పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. మళ్లీ బేరం పెట్టావేంటి మావా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్దిరాజుకి కూడా నవ్వొచ్చింది. ఆ వేసవిలో అతను అలా నవ్వడం అదే మొదలు.

సాయంత్రం గ్రౌండులో మేస్టారు ఎడమ మూలకి బంతి కొట్టారు. పెద్దిరాజు ఒరిగాడు. ఈసారి జారాడు. జారి, బంతిని దాటి, గోల్‌పోస్టును దాటి, పక్కనున్న కంపలోకి వెళ్లి ఆగాడు. బంతి తీరిగ్గా గోల్లోకి దొర్లింది. కంపలోంచి "మేస్టారూ, జారానండీ!" అని సంబరంగా కేక వినిపించింది. ముళ్లు తీయడానికి గంట పట్టింది. రమణమ్మ ప్యాడు అంతా చూసి, మడమ దగ్గర జానెడు మేర కాగితాన్ని కత్తితో గీకేసింది. "బండికి బ్రేకు లేకపోతే ఎట్టా?" అంది. కాలు కాస్త వంచితే ఆ కాన్వాసు నేలను పట్టి ఆగేది. వారం రోజులు పొద్దుటే తోటలో పట్టా, సాయంత్రం గ్రౌండులో జారుడు. ఏ కోణంలో వంచితే ఎక్కడ ఆగుతాడో పెద్దిరాజు కాలికే తెలిసిపోయింది.

ఫైనలు రోజున నూజివీడు గ్రౌండు చుట్టూ చీమ దూరే సందు లేదు. కోతలు ఆఖరికి వచ్చాయేమో, తోటలన్నీ ఖాళీ చేసుకుని జనం వచ్చారు. ఆగిరిపల్లి ఆడవాళ్లంతా గంపలు బోర్లించుకుని వాటిమీద కూర్చున్నారు. సగం ఆట దాటాక ఆగిరిపల్లికి ఒక గోలు వచ్చింది. ఇక అక్కడి నుంచి చింతలపూడివాళ్లు పెద్దిరాజు మీదికి విరుచుకుపడ్డారు. కుడి పక్క వచ్చినవి ఆపాడు, పైన వచ్చినవి ఆపాడు. బాలశౌరి మాత్రం తొందరపడలేదు. అతనికి తన మూల తెలుసు.

ఆట రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా బంతి బాలశౌరికి దొరికింది. ఇద్దరిని తప్పించుకుని ముందుకొచ్చి, తల ఎత్తకుండానే ఎడమ మూలకి కొట్టాడు. బంతి నేలను రాసుకుంటూ వచ్చింది. కొట్టినవాడు అప్పుడే చేతులు పైకెత్తేశాడు.

పెద్దిరాజు ఒరిగాడు. నీళ్లు చల్లిన ఎర్రమట్టి మీద "వరుడు కావలెను" సర్రున జారింది. పోస్టుకి బెత్తెడు ఇవతల కాలు వంచాడు. మడమ నేలని పట్టింది. బంతి వచ్చి రెండు ప్యాడ్ల మీద ధన్‌మని తగిలింది.

తగిలి ఊరుకోలేదు. నిట్టనిలువుగా గాల్లోకి లేచింది.

వెల్లకిలా పడి ఉన్న పెద్దిరాజు దాన్ని కింద నుంచి చూశాడు. ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్న చూపే అది. పైన ఆకాశం, అందులో గుండ్రంగా ఒకటి, తిన్నగా తన గుండెల మీదికి దిగుతోంది. ఎడంచెయ్యి తనంతట తాను లేచింది. వేళ్లు విచ్చుకున్నాయి. నరసింహులు మేస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చిన్నయ్య కళ్లు మూసుకున్నాడు. పట్టాడా, స్ట్రోకు. స్ట్రోకంటే గోలే.

"మావా! వదిలెయ్!" అని గ్రౌండంతా దద్దరిల్లేలా ఒక్క కేక. రమణమ్మది.

పెద్దిరాజు చేతిని వెనక్కి లాగి వీపు కింద దాచుకున్నాడు. దానిమీద తన బరువంతా వేసి, ఒళ్లు పక్కకి ఒత్తిగిల్లాడు. బంతి అతని చెవి పక్కన నేలమీద టప్పుమని పడింది. పైనుంచి వచ్చినదాన్ని ఎదురుగా ఉండి నేల తాకనివ్వడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ చప్పుడుకి అతని ప్రాణం ఉసూరుమంది. మరుక్షణం కాలు తిప్పి ప్యాడుతో దాన్ని గోలుకి దూరంగా తన్నేశాడు.

ఆ తరవాత ఈల ఎప్పుడు మోగిందో పెద్దిరాజుకి తెలియదు. లేచేలోపే జనం మీద పడ్డారు. మేస్టారు ఏడుస్తున్నారు, ఏడుస్తూనే తిడుతున్నారు. "వచ్చే ఏడు ఎవడురా గోల్లో? చెప్పరా వెధవా, ఎవడు?" అని అతని భుజాలు పట్టుకుని ఊపేస్తున్నారు. పెద్దిరాజు సిగ్గుపడుతూ, "మీరు ఉండమంటే నేనేనండి" అన్నాడు. కప్పు చేతికిచ్చినప్పుడు అలవాటు కొద్దీ పట్టా పట్టినట్టు రెండు చేతులూ కింద పెట్టి అందుకున్నాడు.

బాలశౌరి వచ్చి వంగి ప్యాడు నిమిరి చూసి, పెద్దిరాజు వీపు తట్టి వెళ్లాడు. సుబ్బారావు తన తెల్లటి ప్యాడ్లు చంకన పెట్టుకుని రమణమ్మ దగ్గరికి వచ్చాడు.

"నావాటికి కూడా అలా వేసిపెడతావా?"

"ఎందుకు వెయ్యనండీ. పేపరు మాత్రం మీరే తెచ్చుకోండి, పెళ్లి కావలసినవారు" అంది రమణమ్మ. గంపల మీద ఆడవాళ్లు ఒకటే నవ్వు.

మర్నాడు పొద్దున తోటలో ఆఖరి కోత. చిన్నయ్య చిటారుకొమ్మన మిగిలిన ఒకే ఒక్క రసం తుంచి, వదలకుండా చేతిలో ఆడిస్తూ కిందికి చూశాడు.

"బావా, దీన్ని కూడా వదిలేస్తావా ఏంటి?"

"నోరు మూసుకుని ఎయ్‌రా" అన్నాడు పెద్దిరాజు పట్టా బిగిస్తూ. కాయ ఆకుల్లోంచి జారి వచ్చింది. చప్పుడు లేకుండా అందుకుని, ఒక్కసారి అరచేత్తో నిమిరి, తీసుకెళ్లి గంపలో గడ్డిమీద పెట్టాడు.