స్ప్రింగు సాగిపోతాదని

గోవాడ రోడ్డులో మా చెరకుతోట పక్కన చిన్న ఇల్లు కట్టి, పట్నం వాళ్లకి శని ఆదివారాలు అద్దెకిద్దామన్నాడు మా అబ్బాయి. వాడు చోడవరంలో బ్యాంకు ఉద్యోగి. పొలం చేసే ఓపిక వాడికి లేదు, అమ్మే మనసు నాకు లేదు. అంచేత సరే అన్నాను. తీరా పని మొదలెట్టేక, ఇంటి వెనక ఈతకి స్విమ్మింగ్ పూల్ అన్నాడు.

"బావి ఉంది, బోరుంది. ఇంకా నీళ్ల గొయ్యి ఎందుకురా?"

"అది లేకపోతే ఎవడూ రాడమ్మా."

టైల్సు వేసేక పంచాయితీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చూసేడు. కంచె లేందే చుక్క నీరు నింపొద్దన్నాడు. కంచె పెద్దవాళ్ల గుండెల దాకా ఉండాలట. ఊచల సందులోంచి పిల్లల తల దూరకూడదు. అడ్డ కమ్మీలుంటే నిచ్చెనలాగ ఎక్కేస్తారు కాబట్టి అవీ ఉండకూడదు. తలుపు నీళ్ల వైపు కాకుండా ఇవతలికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకోవాలి, గడియ పిల్లలకి అందకూడదు.

కంచె మీద నెమళ్లూ తామరపూలూ పెట్టించాలని మా కోడలు ఆశపడింది. "నెమలి మీద కాలేసి ఎక్కేస్తారమ్మా" అన్నాడాయన. నాకా మాట నచ్చింది. ఉత్త ఊచలైతే ఇనుము కలిసొస్తాది.

తలుపు స్ప్రింగు దగ్గరే నాకు కడుపు మండింది. మన ఊళ్లో దొరికేది అంత బరువు లాగదని మా అబ్బాయి విశాఖపట్నం నుంచి తెప్పించేడు. దాని ధర విన్న పూట నాకు అన్నం సయించలేదు.

గృహప్రవేశానికి చీడికాడ నుంచి మా ఆడపడుచు వచ్చింది. పాలు పొంగించేక, పూలూ మావిడాకులూ పట్టుకుని ఇల్లంతా తోరణాలు కట్టుకుంటూ పోయింది. పూల్ తలుపు దగ్గరకెళ్తే అది వదిలినప్పుడల్లా టక్కున మూసుకుపోతంది.

"శుభమా అని పిలిచి, మొహం మీద తలుపేసుకుంటాదేటి ఇది!" అని దాన్ని బార్లా తీసి, తోరణం తాడుతోనే కంచెకి కట్టేసింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు. లోపల నీళ్ల మీద రంగురంగుల రబ్బరు బుడగలు వదిలేరు. పిల్లలంతా ముందు పందిట్లో ఉన్నారు కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

బంతి భోజనాలయ్యేక నేను వెనక్కెళ్లేను. చూద్దును కదా, స్ప్రింగు పొద్దుట్నుంచీ అలా సాగే ఉంది. రోజంతా అలా ఉంటే పాత లాగు ఎలాస్టిక్కులాగ వదులైపోదూ? ముడి విప్పబోతే రాలేదు. వంటవాళ్ల దగ్గర చాకు తెచ్చి కోసేసేను. తలుపు మూసుకుంది.

మా ఆడపడుచు చూడనే చూసింది. "ఏటి వదినా! మంగళకరమని కట్టిన తోరణం కోసేస్తన్నావు? చేతులెలా వచ్చేయి నీకు?"

"ఈ స్ప్రింగు మళ్లీ నువ్వు కొంటావేటి? కొంటానంటే కట్టెయ్."

తెగిన తోరణం తీసుకుని, మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

నేను చాకు కడిగిచ్చి, పందిట్లోకొచ్చి కూర్చున్నాను. అప్పుడొచ్చింది కోడలు. "అత్తా, గుంట నీ దగ్గర లేదా?"

గుంటంటే నా మనవరాలు. ఈ మధ్యే పరుగు నేర్చింది. నా దగ్గరుందని తను, తన దగ్గరుందని నేను, మా ఆడపడుచు దగ్గరుందని వాళ్ల నాన్న. జనం ఎక్కువైన ఇంట్లో పిల్ల ఎప్పుడూ ఇంకొకరి దగ్గరే ఉంటాది. మా అబ్బాయి అప్పటికే వెనక్కి పరిగెడతన్నాడు. నేనూ వెనకే పరిగెత్తేను. ఇంటి మూల తిరిగే వరకూ నీళ్లు తప్ప ఇంకేమీ నా కళ్లకి కనపడలేదు.

మనవరాలు తలుపు దగ్గరుంది. ఇవతల. ఊచల మధ్యనుంచి భుజం దాకా చెయ్యి దూర్చి, ఒడ్డుకొచ్చిన పసుపు బుడగకేసి వేళ్లు ఆడిస్తంది. అందక, మొహం ఎర్రగా చేసుకుని తలుపుని నీళ్ల వైపు తోస్తంది. అది కదలదు కదా! నన్ను చూసి గయ్యిమంది. "మామ్మా, తలుపు తియ్యి!"

"తియ్యనే" అన్నాను.

కోడలు పిల్లనెత్తుకుంది. మా అబ్బాయి ఊచలు పట్టుకుని నిలబడిపోయేడు. పిల్లేమో బుడగ కావాలని అమ్మ జుట్టు పీకేస్తంది.

మా ఆడపడుచు ఆ తోరణంతోనే వచ్చింది. తలుపు చూసింది, నన్ను చూసింది. "నీకు ముందే తెలిసింది కదా వదినా! ఆ తల్లే నీ చేత కోయించింది."

"నాకేటీ తెలీదే. స్ప్రింగు సాగిపోతాదని కోసేను."

ఒక్కరు నమ్మితే ఒట్టు. ఇప్పటికీ చీడికాడలో అందరికీ నన్ను అమ్మవారిలాగ చెప్తంది. ఆ రోజు మాత్రం గప్‌చుప్‌గా తోరణం ముడేసి, తలుపుకి తగలకుండా పక్క ఊచలకి కట్టింది.

సాయంత్రం కోడలు విస్తరి వేసి అన్నం పెట్టింది. కూర్చున్న చోటునుంచి ఆ తలుపు కనపడతంది. స్ప్రింగు ధర మళ్లీ గుర్తొచ్చింది. అయినా అన్నం సయించింది.