తెడ్డు ఉంది కదండీ

పెనుమూడికి దిగువన, రేపల్లె వైపు గట్టు మీద ఒక చిన్న రేవు ఉంది. అక్కణ్ణుంచి కృష్ణ దాటి లంకలో పొలం పనులకు వెళ్ళే ఆడవాళ్ళంతా ఫ్రాన్సిస్ పడవే ఎక్కుతారు. అతని తండ్రి గడా తెడ్డూ వేసి దాటించాడు. ఫ్రాన్సిస్ కొన్నేళ్ళు తెడ్డు వేసి, ఆ తర్వాత డీజిల్ ఇంజను పెట్టి దాటించాడు. తన పడవలోంచి ఇంతవరకు ఒక్క మనిషి కూడా నీళ్ళలో పడలేదని చెప్పుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ మాట అవసరానికి మించే చెప్పుకునేవాడు. పనిలో నిక్కచ్చి మనిషి కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు.

అలాంటి మనిషికి నిరుడు వానలు వెనకబట్టాక కుడి భుజం పట్టేసింది. మొదట నూనె రాసి చూశాడు. తర్వాత రేపల్లెలో డాక్టరు దగ్గరికెళ్ళి మందులు వాడాడు, సూదులు వేయించుకున్నాడు. నొప్పి తగ్గింది గానీ చెయ్యి మాత్రం రొమ్ము దాటి పైకి లేవడం మానేసింది. ఆ చేత్తో అన్నం తినగలడు, చొక్కా గుండీలు పెట్టుకోగలడు. తెడ్డు మాత్రం వెయ్యలేడు.

ఈ సంగతి భార్య సలోమికి తెలుసు. ఇంకెవరికీ తెలియదని ఫ్రాన్సిస్ నమ్మకం. తెలిస్తే ఏమవుతుంది? తెడ్డు వెయ్యలేనివాడి పడవ ఎవరెక్కుతారు? ఎక్కుతామన్నా ఇళ్ళలో మగవాళ్ళు ఎక్కనిస్తారా? ఇక పడవ లేకపోతే తెల్లారి లేచి తను ఎటు నడవాలో అతనికి తోచేది కాదు. అందుకే దాచిపెట్టాడు. గట్టు మీంచి పడవలోకి దిగే ఆడవాళ్ళకు కింది నుంచి చెయ్యి అందించాలి కదా, దానికి ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంజను తాడు మాత్రం దాచనిచ్చేది కాదు. ఎడమ చేత్తో ఎంత లాగినా ఇంజను ఒక పట్టాన అందుకునేది కాదు. ఆడవాళ్ళు బుట్టలు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే అతనికి చెమటలు పట్టేవి. "ఇంజను ముసలిదైపోయిందమ్మా" అని నేరం దాని మీదకు తోసేసేవాడు. పాపం, దానికి నోరు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్లలో ఉంటున్న కూతురు జెస్సీ ఫోనుకు ఒక వీడియో పంపింది. సూర్యలంక దగ్గర ఎవరో కరెంటు మోటారుతో పడవ నడుపుతున్నారు. తాడు లాగే పని లేదు, బటన్ నొక్కితే చాలు. ఫ్రాన్సిస్ ఆ వీడియోను అన్నం దగ్గర కూడా చూశాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకు మాత్రం "డీజిలు పొగ పడటంలేదు నాకు" అన్నాడు. ఆ ఒక్క ముక్క అందరికీ సరిపోయింది.

మోటారు తేలిగ్గానే దొరికింది. చిక్కంతా బ్యాటరీ దగ్గర వచ్చింది. ఏది కొనాలని నలుగుర్ని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు. చివరికి జెస్సీ బాపట్ల నుంచి, అతను రేపల్లె నుంచి రైళ్ళెక్కి తెనాలి స్టేషన్లో కలుసుకుని, మార్కెట్ వెనక ఉన్న బడే సాహెబ్ బ్యాటరీల కొట్టుకు వెళ్ళారు. జెస్సీ ఒక బళ్ళో సైన్సు చెబుతుంది. తండ్రి భుజం సంగతి ఆమెకు కూడా తెలియదు. తెలిస్తే ఆ రోజే పడవ అమ్మించేస్తుందని అతని భయం.

బడే సాహెబ్ పెద్దాయన. అమ్మడం కన్నా అడగడం ఎక్కువ. నది ఎంత వెడల్పు, ఎంతమంది ఎక్కుతారు, సముద్రపు పోటు ఎంత దూరం వస్తుంది, అన్నీ అడిగి తెలుసుకుని అప్పుడు లేచాడు.

"ఇది ట్రాక్టరుది" అని ఒక బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. "తక్కువలో వస్తదని చాలామంది దీన్నే పట్టుకుపోతారు. ఇంజన్ని ఒక్కసారి గట్టిగా లేపి వదిలెయ్యటానికి ఇది. గంటలు గంటలు లాగమంటే దీని వల్ల కాదు. మీకొద్దు."

పక్కనే పొడుగ్గా ఉన్నదాన్ని చూపించాడు. "ఇది ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు పెట్టేది. మంచి సరుకు. ఛార్జింగు అయిపోతుంటే మోటారు మెల్లమెల్లగా నీరసపడతా వస్తది. మీకు ముందే తెలిసిపోద్ది, గట్టు పట్టుకోవచ్చు. కాకపోతే బరువు. ఎత్తి చూడండి."

ఫ్రాన్సిస్ వంగాడు. ఎడమ చెయ్యి పిడికి తగిలించాడు, కుడి చెయ్యి తగిలించినట్టు నటించాడు. అది నేలను వదల్లేదు.

"నడుం పట్టేసిందండీ" అన్నాడు నిలబడి.

"నాన్న వల్ల కాదండీ ఇది" అంది జెస్సీ. "రేవు దగ్గర కరెంటు లేదు. రోజూ ఇంటికి మోసుకెళ్ళి ఛార్జింగు పెట్టుకోవాలి."

"అయితే ఇక లిథియం" అని సాహెబ్ అల్మారాలోంచి చిన్న పెట్టె లాంటిది తీశాడు. ఫ్రాన్సిస్ దాన్ని ఎడమ చేత్తో అందుకున్నాడు. సంచిలో కూరగాయలు లేచినట్టు లేచింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"సంతోషపడేముందు ఒక మాట వినండి" అన్నాడు సాహెబ్. "దీని లోపల ఒక బోర్డు ఉంటది. ఛార్జింగు మరీ తగ్గితే బ్యాటరీ పాడవకుండా అదే ఆపేస్తది. నీరసపడటాలూ మూలగటాలూ ఉండవు. అప్పటిదాకా ఒకే తీరున లాగి, ఠక్కున ఆగిపోద్ది. పైన లైట్లు చూసి మోసపోవద్దు. అవి చివరిదాకా బానే ఉన్నట్టే కనబడతాయి. ఇప్పుడు చెప్పండి, నది మధ్యలో ఇది ఆగిపోతే మీకు దారేంటి?"

జెస్సీ తండ్రి మొహంలోకి చూస్తోంది. చెప్పేస్తే పోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ కూతురి ముందు ఆ మాట ఎలా అనాలో అతనికి తెలియలేదు.

"తెడ్డు ఉంది కదండీ" అన్నాడు.

"ఇంకేం మరి. ఈ చిన్నది చాలు. గాలి ఎదురొచ్చిన రోజు చివర్లో కాస్త తెడ్డు వేసుకుంటారు. అది లేదంటే మాత్రం ఇది ఒక్కటే ఇచ్చి పంపేవాణ్ణి కాదు."

ఆ చివరి మాట ఫ్రాన్సిస్ గుండెలో ముల్లులా దిగింది. బ్యాటరీని ఒళ్ళో పెట్టుకుని రేపల్లె రైల్లో కూర్చున్నంతసేపూ అదే గుచ్చుకుంది.

రేవులో ఆడవాళ్ళకు కొత్త మోటారు తెగ నచ్చింది. డీజిల్ మోతలో అరుచుకుని మాట్లాడుకునేవాళ్ళు, ఇప్పుడు తీరుబడిగా ఊరి సంగతులన్నీ చెప్పుకోవచ్చు. ఎవరి కోడలు ఎవరిని ఏమందో అంతా ఫ్రాన్సిస్ చెవిన పడేది. ఒక్కటీ బుర్రకెక్కేది కాదు. అతని చూపంతా బ్యాటరీ మీది పచ్చలైట్ల మీదే. మూడు వెలుగుతుంటే నాలుగోది ఎందుకు ఆరిందని దిగులు. నాలుగూ వెలుగుతుంటే అవి అబద్ధమేమోనని దిగులు. ఈ పక్క సముద్రం దగ్గర. ఆటు మొదలైందంటే నీళ్ళన్నీ అటే లాగుతాయి, నది మధ్యలో గడ అడుగుకు అందదు. మోటారు ఆగినట్టు కలగని ఉలిక్కిపడి లేచేవాడు. "చెప్పెయ్యకూడదా?" అనేది సలోమి. అతను అటు తిరిగి పడుకునేవాడు.

దానికి తోడు లక్ష్మమ్మ ఒకర్తె. లంకలో పుట్టి గట్టు మీది ఊరికి కోడలై వచ్చిన మనిషి, కూలి ముఠాకు పెద్ద. పసుపు తవ్వకాలప్పటి నుంచీ, అంటే డీజిల్ రోజుల నుంచే, పడవ వెనకభాగానికి వచ్చి తెడ్డు పక్కనే కూర్చోవడం పట్టుకుంది. ముందుకు పొమ్మంటే "ముందు ఎండ బాబాయ్" అంటుంది. అతని అవస్థను అంత దగ్గర్నుంచి చూసే మనిషి ఉండటం ఫ్రాన్సిస్‌కు ఇబ్బందిగా ఉండేది.

వేసవి ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం లంక రైతు ఒకాయన ఎరువు బస్తాలు దాటించమన్నాడు. బ్యాటరీ సాయంత్రానికి కావాలని ఫ్రాన్సిస్‌కు తెలుసు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతాడు. ఎందుకని అడిగే ప్రతి మనిషినీ చూసి భయపడే స్థితికి వచ్చాడు అప్పటికి. సరేనని దాటించాడు.

సాయంత్రం ఆడవాళ్ళను ఎక్కించుకుని లంక వదిలేసరికి పడమటి గాలి ఎదురుగా కొడుతోంది, ఆటు మొదలైంది. లైట్లు మూడు వెలుగుతున్నాయి. సగం దూరం వచ్చినా మూడే. అతను మనసులోనే ప్రార్థన చేసుకుంటున్నాడు. మోటారు ఠక్కున ఆగిపోయింది. లైట్లలో ఒక్కటీ వెలగడం లేదు.

పడవ ముందుభాగం మెల్లగా సముద్రం వైపు తిరిగింది. బటన్ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. ముందు కూర్చున్న కొత్త కోడలు పిల్ల ఒకతె "తెడ్డు వెయ్యి తాతా" అంది. ఫ్రాన్సిస్ ఎడమ చేత్తో తెడ్డు అందుకున్నాడు. కుడి చేతిని దాని మీదకు లేపబోయాడు. చెయ్యి రొమ్ము దగ్గర ఆగింది. బలవంతంగా లేపేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. తెడ్డు జారింది. ఇంతమంది ప్రాణాలు తీశాను దేవుడా అనుకున్నాడు.

జారిన తెడ్డును లక్ష్మమ్మ పట్టుకుంది.

"జరుగు బాబాయ్" అంది.

అతను జరిగాడు. లక్ష్మమ్మ మోకాలు ఆన్చి తెడ్డు వేసింది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు గానీ మధ్యలో ఉన్న ఇద్దరు లేచి అడుగున పరిచిన పలకలు తీసి చెరోపక్కా నీళ్ళు తోయడం మొదలుపెట్టారు. ఇంకొకామె గడ తీసి లోతు చూస్తోంది. మిగిలినవాళ్ళు పడవ ఊగకుండా కింద కూర్చున్నారు. ఇదంతా ముందే అనుకున్నట్టుగా జరిగిపోతుంటే ఫ్రాన్సిస్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. రేవుకు చాలా కిందుగా, రెల్లుగడ్డిలో పడవ గట్టు పట్టింది.

అందరూ దిగారు. లక్ష్మమ్మ ఆగింది.

"ఎప్పట్నుంచి తెలుసమ్మాయ్?" అన్నాడు.

"పసుపు తవ్వకాలప్పుడు నాకు ఎడం చెయ్యి ఇచ్చావే, ఆ రోజు నుంచి. మొదట ఒళ్ళు మండింది నాకు. ఏంటి, మేమింత లోకువైపోయామా అనుకున్నా. తర్వాత నువ్వు తాడు లాగే తీరు చూశా. ఆ మర్నాటి నుంచే ఇక్కడ కూచుంటన్నా."

"ఎండ అన్నావు గదా?"

"నువ్వు ఇంజను ముసలిదైందన్లా?"

లక్ష్మమ్మ అక్కడితో వదల్లేదు. "చెయ్యి పోతే పోయింది, అది నీ తప్పా? చెప్తావేమోనని చూశాం. చెప్పలా. మా పిల్లలు ఇళ్ళ దగ్గర మా కోసం చూస్తా ఉంటారు బాబాయ్. మాకు తెలిసింది గాబట్టి సరిపోయింది. తెలియని వాళ్ళెక్కిన రోజు ఆగిపోతే దారేంటి?"

కోపంగానే అంది. కళ్ళు తుడుచుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది. ఆ కోపం ముందు ఇన్నాళ్ళ భయం ఎంత చిన్నదో అతనికి అర్థమైంది. సిగ్గుతో చాలాసేపు పడవలోనే కూర్చున్నాడు.

మర్నాడు పడవ కట్టేసి ఫోనులో జెస్సీకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చింది, తిట్టింది, పడవ అమ్మెయ్యమంది. తర్వాత తనే, "సాహెబ్ గారి దగ్గరికెళ్ళు, ముందు ఆయనకు నిజం చెప్పు" అంది. తెనాలి కొట్టులో బడే సాహెబ్ బ్యాటరీని పరీక్ష చేసి పక్కన పెట్టాడు.

"దీనికేం కాలా. మళ్ళీ అదే అడుగుతున్నా. ఆగిపోతే మీకు దారేంటి?"

"తెడ్డు ఉందండీ" అన్నాడు ఫ్రాన్సిస్. "నాకు చెయ్యే లేదు."

పెద్దాయన అతని భుజం వైపు చూశాడు. "ఆ రోజే చెప్పాల్సిన మాట ఇది" అన్నాడు కాస్త కటువుగానే. అల్మారా తెరిచి అలాంటిదే ఇంకొకటి తీశాడు. "ఒకటి నడపటానికి, ఒకటి పక్కన ఉంచుకోటానికి. రెండూ ఒక్కొక్కటిగా ఆ ఎడం చేత్తోనే మోసుకోవచ్చు. మొదటిది ఆగితే రెండోది తగిలించి గట్టుకు రండి. రెండోదాన్ని ముట్టుకున్న రోజు ఇక ఎవరడిగినా పడవ కదలకూడదు."

తర్వాతి రోజు పొద్దున్నే ఆడవాళ్ళు రేవుకు వచ్చారు. వస్తారని అతను అనుకోలేదు. లంక పనికి కొత్తగా చేరిన ఒకామె ముందుగా దిగబోయింది. ఫ్రాన్సిస్ ఎడమ చెయ్యి చాచి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "కుడి చెయ్యి లేవదమ్మా నాకు. తెడ్డు కూడా వెయ్యలేను. ఇష్టమైతేనే ఎక్కు." ఆమె వెనక్కి తిరిగి మిగతావాళ్ళ మొహాలు చూసింది. ఆ చెయ్యి పట్టుకుని దిగింది.

అందరికన్నా చివర లక్ష్మమ్మ వచ్చి తెడ్డు పక్కన తన చోట్లో కూర్చుంది.

"బ్యాటరీలు రెండున్నాయి గదమ్మా" అన్నాడు. "ఇంకా ఇక్కడెందుకు, పోయి ముందు కూచోరాదూ?"

"ముందు ఎండ బాబాయ్" అంది లక్ష్మమ్మ.

ఆ రోజు ఆకాశం నిండా మబ్బే ఉంది. ఫ్రాన్సిస్ మారుమాట్లాడకుండా బటన్ నొక్కాడు.