మంద కదలొద్దన్న బీరప్ప

మా బావ బీరప్పంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. ఆయన చెప్పిందే జరగాలి మరి! కేతేపల్లి గొర్రెలకు ఇరవై ఏళ్లు ఆయనే పెద్ద. ఎండాకాలం వస్తే పన్నెండు ఇళ్ల మందను కృష్ణ ఒడ్డుకు నడిపించేవాడు. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ రైతు చేనులో మంద ఆపాలి, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. యాభై ఏళ్లకు మోకాలు మొరాయించింది. మంద వెంట నడవలేని మనిషిని పెద్ద అని ఎవరంటారు?

1961లో సర్కారు వాళ్లు పాలమూరులో మూడు నెలల తరగతి పెట్టారు. గొర్రెల పనిలో తల పండినవాళ్లకు నేర్పించి, ఊరూరా మందల బాగోగులు చూసే కొలువు ఇస్తారట. మా సోమమ్మక్క పట్టుబట్టి మొగుణ్ని పంపింది. నేను కడుపుబ్బా నవ్వాను.

"తాతవైనంక బడికి పోతున్నవా బావా? పలక కొనియ్యాల్నా?"

"కొనియ్యిరా గాలిగా, నీ నెత్తి మీదనే పగలగొడ్త."

అక్కడ నేర్పింది మొయినుద్దీన్ అనే పశువుల డాక్టరు. బావ కంటే ఇరవై ఏళ్లు చిన్న. మందకు బొబ్బల రోగం తగిలితే ఏం చేస్తావని అడిగాడట. "ఇంకేం జేస్త సార్! రోగమొచ్చిన జాగల నిలువొద్దు. పొద్దుగూకే లోపల్నే మంద లేపి రెండూర్లు దాటిస్త" అని బావ మీసం దువ్వాడట. తాతలనాటి నుంచీ మా పద్ధతి అదే. డాక్టరు అది తప్పు అనలేదు. "ఆఖరుసారి ఏయే ఊర్లు దాటిన్రో జర చెప్పు పెద్దాయనా" అన్నాడు. బావ గడగడా చెప్పాడు. "తర్వాత గా ఊర్ల గొర్లు ఎట్లున్నయి?" అని మళ్లీ అడిగాడు. బావ ఒక్కో ఊరూ తలుచుకుంటూ నాలుగో ఊరి దగ్గర ఆగిపోయాడు. అన్నిచోట్లా గొర్రెలు చచ్చాయి. రోగాన్ని తప్పించుకున్నాననుకున్నాడు గానీ, వెంటబెట్టుకుని తిరిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదని ఇంటికొచ్చాక అక్కతో చెప్పి ఏడ్చాడు. ఉన్న ధైర్యం కూడా పీకేసింది, ఇదేం ముదనష్టపు చదువని నేను తిట్టాను.

కొలువులో చేరిన ఏడాదే మా మందలో బొబ్బలు లేచాయి. ఇంకేముంది, మూటాముల్లె సర్దాం. అందరికంటే ముందు నేనే. బావ బాట మీద కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"మంద కదలొద్దు. రోగం తగిలినయి ఏరి వేరే కట్టేయాలె. ముందుగాల నావి కట్టేస్త."

"లేపి నడిపియ్యుమని నేర్పింది నువ్వే గద!" అని అరిచాను. "ఈడ్నే ఉంటే అన్నీ సస్తయి. నీ కొలువు కోసం మా కడుపులు కొడ్తవా?"

"నేర్పింది నేనే. తప్పు నేర్పిన."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. అంతటితో ఆగలేదు. మా వెనక నిలబడ్డ గుర్వమ్మ వైపు తిరిగాడు. అత్తగారి ఊళ్లో ఆమె మందంతా రోగంతో పోతే బతకలేక, మా ఊళ్లో అన్న దగ్గరకొచ్చి నాలుగు గొర్రెలు కాచుకుంటోంది.

"నీ మందను సంపింది నేనే గుర్వమ్మా. రోగమున్న గొర్లను తెచ్చి మీ ఊరి చేన్ల ఆపిన. తెల్వక జేసిన."

గుర్వమ్మ శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"మొక్కు తప్పినందుకే పోయినయని గిన్నేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న గదనే" అంది. మూట దించి బాటకు అడ్డంగా కూర్చుంది. "నా గతి ఇంకొకలకు రావొద్దు. పోయేటోళ్లు నన్ను దాటి పోండ్రి."

ఎవడు దాటుతాడు? నేను కూడా మూట దించాను.

పద్దెనిమిది గొర్రెలు చచ్చాయి. అందులో ఏడు బావవే. మిగతా మంద నిలిచింది. చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క గొర్రెకూ బొబ్బ లేవలేదు. తమకు తప్పిన ముప్పేమిటో ఆ ఊళ్లవాళ్లకు తెలియదు, ఎవరికి దండం పెట్టాలో అంతకన్నా తెలియదు. నాకు తెలుసు. వాళ్లందరి బదులు నేను బావ కాళ్లు మొక్కాను.