బాలస్వామి మెరిపించిన సైకిలు

గరుకు కనపడితే బాలస్వామి చెయ్యి ఊరుకోదు. తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ మీద ఇన్నేళ్ళు పనిచేసి చేసి, ఆ బుద్ధి ఇంటిదాకా పాకింది. ఇంట్లో గడప నున్నన, మెట్లు నున్నన, కూర్చునే పీట నున్నన. ఒకసారి భార్య సంతోషమ్మ పుట్టింటికి పోయిన సందు చూసి, పచ్చడి నూరే రోలును కూడా మిషన్ దగ్గరికి మోసుకుపోయి అద్దంలా చేసి తెచ్చాడు. ఆమె వచ్చి ఎల్లిపాయలు వేసి నూరబోతే, ఒక్కటీ నలగకుండా జారి గోడకు తగిలాయి.

"ఏందయ్యా, ఇది రోలా, నువ్వు మొకం జూసుకునే అద్దమా?" అని గల్లీ గల్లీ వినేలా తిట్టింది. దానికి మళ్ళీ గాట్లు కొట్టించేదాకా ఇంట్లో పచ్చడి బంద్. పోనీ, అప్పుడైనా మహానుభావుడికి బుద్ధి వచ్చిందా? వస్తే ఈ కథ ఎందుకు!

సంతోషమ్మ అంగన్‌వాడీ టీచరు. ఊరి బయట తండాలో ఆమె కేంద్రం. మొన్నటిదాకా స్కూటీ మీద పోయివచ్చేది. వానల్లో ఒకరోజు బండల లారీలు తిరిగే దారిలో బురదకు జారి పడింది. మోకాలు బాగైంది గానీ భయం బాగుకాలేదు. స్కూటీ చూస్తేనే గుండె దడదడ. ఆటోలేమో మెయిన్ రోడ్డు మీదే దింపేస్తాయి. అక్కడినుంచి నడుద్దామంటే మోకాలు మొండికేస్తుంది. ఆమె చేరేసరికి చిన్నపిల్లలు ఆకలితో గుమ్మంలో కూర్చుని ఉంటున్నారు.

"సోమవారం వికారాబాద్ల మీటింగ్ ఉంది. ఆడ్నే సూపర్‌వైజర్ మేడమ్‌కు చెప్పేస్త, ఇంక నాతోని గాదని," అంది ఒకనాడు అన్నం తింటూ. "నా పాత సైకిలన్న ఉంటే తొక్కుకుంట పోయేదాన్ని. కాలు కిందికి ఆనుతది, భయముండదు."

అని ముఖం అటు తిప్పుకుంది. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఆ పని మానేస్తే మనిషి సగమైపోతుందని బాలస్వామికి తెలుసు.

ఆ సైకిలు సంగతీ తెలుసు. ఆమె తండ్రి కిష్టప్ప కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు ఇంట్లో కొన్న ఆడవాళ్ళ సైకిలది. అప్పటికే పాతకాలంది, సీమ సరుకు. ఎవడూ ఎత్తుకుపోకుండా చైన్ కవరు మీద 'కిష్టప్ప బిడ్డ' అని తెల్లరంగుతో తన చేత్తో రాశాడాయన. దాని మీదే సంతోషమ్మ తాండూరు దాకా తొక్కుకుంటూ వచ్చి చదువుకుంది. ఇప్పుడది పుట్టింటి కొట్టంలో మేకల మధ్య పడి ఉంది.

బాలస్వామి ఆమెకు తెలియకుండా కరణ్‌కోట పోయి, సైకిలును ఆటోలో వేసుకొచ్చి మిషన్ పక్కన షెడ్డులో దాచాడు. టైర్లు, బ్రేకులు, సీటు కొత్తవి వేయించాడు. ఇక మిగిలింది ఇనుముకు పట్టిన జంగు వదిలించి రంగు వేయడం. జంగు వదిలించడమంటే మనవాడికి పండగే! గరుకు రాయితో మొదలుపెట్టాడు, నున్నరాయికి వచ్చాడు, ఆఖరికి గుడ్డ పట్టుకుని ముఖం కనపడేదాకా రుద్దాడు. ఆ ఊపులో చైన్ కవరు కూడా చేతికిందికి వచ్చింది. తెల్ల అక్షరాలు సగం పోయాక గానీ సోయి రాలేదు. "అయ్యో యేసయ్యా!" అని నెత్తి పట్టుకున్నాడు. సగం ఉంచి ఏం లాభమని మిగతా సగం కూడా రుద్దేశాడు. చేతులకూ ఒక పిచ్చి ఉంటుంది మరి.

శనివారం మెంతాకు పచ్చ రంగు వేశాడు. మస్తుగా కుదిరింది. ఎండకు ఆరబెట్టి, సాయంత్రం మురిసిపోతూ వేలితో తట్టాడు. వేయించిన పల్లీ పొట్టులా రంగు ఊడి చేతిలోకి వచ్చింది. ఇక్కడ అదిమితే అక్కడ లేచింది.

ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. గోళ్ళలో పచ్చరంగు, మీసం మీద పచ్చరంగు.

"ఏందయ్యా, హోలీ ఇంక రాలే గదా?" అంది సంతోషమ్మ.

"ఏం లేదే. నున్నటి ఇనుము మీద రంగు ఎందుకు నిలుస్తలేదో సమజైతలేదు."

"ఎట్ల నిలుస్తది? నువ్వు జేసిన రోల్ల ఎల్లిపాయ నిలిచిందా? జర గరుకుంటెనే గద పట్టు దొరికేది! అయినా నీకు ఇనుముతోని ఏం పని? దేనికి రంగేస్తున్నవ్?"

బాలస్వామి అబద్ధమాడటం చేతకాని మనిషి, అంతా కక్కేశాడు. చైన్ కవరు సంగతి మాత్రం బయటపెట్టలేదు.

ఆదివారం చర్చి కాగానే ఇద్దరూ షెడ్డుకు పోయారు. సైకిలును చూడగానే సంతోషమ్మ గంతేసినంత పని చేసింది. హ్యాండిలు పట్టుకుంది, బెల్లు కొట్టింది, మళ్ళీ కొట్టింది. సీటు తడిమి, చెయ్యి కిందికి జార్చి చైన్ కవరు దగ్గర ఆగింది.

"నాయిన రాసింది ఏదయ్యా?"

"రుద్దిన," అన్నాడు బాలస్వామి తల దించుకుని.

ఆమె అక్కడే బండల మీద కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. తిట్టలేదు. తిట్టని సంతోషమ్మను అతను ఎన్నడూ చూసి ఉండలేదు. తిడితే ఎంత బాగుండునో అనిపించింది.

కాసేపటికి ఆమె ముక్కు చీది, ఫోన్ తీసింది. "నాయినా, తెల్లరంగు, సన్న కుంచె పట్టుకొని బస్సెక్కు. నీ అల్లుడు నన్ను నీ బిడ్డను గాకుంట జేసిండు!"

తర్వాత కొంగు బిగించి, మిగిలిన రంగును ఊడలాగి, గరుకు కాగితం అందుకుని బరబరా గీకడం మొదలుపెట్టింది. అద్దంలాంటి ఇనుము మీద గీతలు పడుతుంటే బాలస్వామికి ఒళ్ళు జలదరించింది.

"జర మెల్లగనే!"

"నోర్మూసుకొని నువ్వు గూడ గీకు!"

ఇద్దరూ గీకి, తుడిచి, త్వరగా ఆరే రంగు తెచ్చి మళ్ళీ వేశారు. ఈసారి గోరు పెట్టి లాగినా ఊడలేదు. పొద్దు వాలేలోపు కిష్టప్ప దిగాడు.

"ఏం అల్లుడా, నా బిడ్డను నీకు ఇచ్చిన గానీ నా పేరు గూడ తుడిచెయ్యమన్ననా?"

"తప్పైంది మామా."

పెద్దాయన కింద కూర్చుని కుంచె ముంచాడు. చెయ్యి వణికింది. 'కి' పెద్దదైంది, 'డ్డ' చిన్నదై కిందికి జారింది. ఆయన కళ్ళు చికిలించి చూసుకున్నాడు. "వంకరొచ్చింది. తుడిచి మళ్ల రాస్త, గా గుడ్డ ఇటియ్యి."

"వద్దు మామా!" బాలస్వామి గుడ్డను వెనక్కి దాచి సైకిలుకు అడ్డం నిలబడ్డాడు. "గట్లనే ఉండనీ. ఎవ్వరు ముట్టొద్దు."

సంతోషమ్మ పగలబడి నవ్వింది. వంకరను ఉండనిమ్మని తన మొగుడు అనడం పెళ్ళైనప్పటి నుంచి అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఆమె వికారాబాద్ రైలుకని సైకిలు బయటికి తీసింది. ఒక కాలు నేలకు ఆన్చి రెండడుగులు నెట్టింది. మోకాలు సహకరించింది. రెండు కాళ్ళూ పెడళ్ళ మీదికి పోయాయి. సైకిలు అటూ ఇటూ ఊగి సర్దుకుంది.

బాలస్వామి వెనకే పరుగెత్తాడు. "మేడమ్‌కు ఏం జెప్తవే?"

"రేపటి సంది టైముకొస్త అని జెప్త! పక్కకు జరుగయ్యా!" అని బెల్లు కొట్టింది.

పచ్చటి సైకిలు మీద తెల్లటి వంకర అక్షరాలు మలుపు తిరిగేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. సీటు తుడుద్దామని తెచ్చిన పాలిష్ గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. దాంతో కళ్ళు తుడుచుకుని, జేబులో కుక్కుకుని పనికి పోయాడు.