పదికి రెండు

ఆ ఆటకు నేను పదికి రెండు మార్కులు వేశాను. మధ్యలో ప్రకటనలు అడ్డం రాలేదు కాబట్టి ఒకటి, ఫోను వేడెక్కలేదు కాబట్టి ఇంకొకటి.

అప్పటికి నాలుగేళ్లుగా తిరుపతిలో ఒక లాడ్జి కౌంటరులో పనిచేస్తున్నాను. రోజూ పుత్తూరు నుంచి స్కూటీ మీద వచ్చిపోయేదాన్ని. పొద్దున కొండకు పోయేవాళ్లు గదులు ఖాళీ చేస్తారు, మధ్యాహ్నం దాటాక కొత్తవాళ్లు దిగుతారు. ఆ రెండు రద్దీల మధ్య కౌంటరు దగ్గర ఈగలు తోలుకోవడం తప్ప పని ఉండదు. ఆ ఖాళీలోనే ఫోనులో ఆటలు ఆడటం మొదలుపెట్టాను. తర్వాత చేతిలో ఇమిడే గేమ్ మిషన్ ఒకటి సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాను. చిత్తూరులో ఒకాయన మొబైల్ ఆటల గురించి తెలుగులో ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాడని తెలిసి రెండు రివ్యూలు పంపితే, ఆయన ఒక్క అక్షరం మార్చకుండా వేసుకున్నాడు. అప్పటి నుంచి వారానికి మూడు రాస్తూ వచ్చాను.

మార్కులు వేయడానికి నాకొక పద్ధతి ఉండేది. బొమ్మలకు రెండు, శబ్దానికి రెండు, వేలికి ఎంత బాగా లొంగుతుందన్నదానికి రెండు, విసిగించకుండా ఉన్నందుకు రెండు, మళ్లీ ఆడాలనిపిస్తే రెండు. పద్ధతి బాగానే ఉండేది. దాన్ని ఎంత తొందరగా ముగిస్తానన్నదే నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆ ఆటలో పెద్దగా ఏమీ లేదు. తెర మీద వీధి కుళాయి, కింద బిందె. వేలు పెడితే నీళ్లు పడతాయి. నిండుతుందనగా వేలు తీయాలి. ఆలస్యమైతే పొర్లిపోతుంది, తొందరపడితే వెలితి పడుతుంది. తర్వాత ఆ బిందెను తొణకకుండా గడప దాకా జరపాలి. శత్రువులు లేరు, గడియారం లేదు, ఓడిపోవడమూ లేదు. పదకొండు నిమిషాలు ఆడి పక్కన పెట్టేశాను. ఆ రోజు సాయంత్రానికే రివ్యూ పంపేశాను. అందులో చివరి వాక్యం ఇది: ‘చేతులు పడిపోయినవాళ్లు తప్ప ఇంకెవరూ ఈ ఆటను పది నిమిషాలకు మించి ఆడలేరు.’

చిత్తూరాయన ఫోను చేసి, “ఆ కడపటి లైను సూడు మేడం, అదే అందురూ షేర్ చేస్తా ఉండారు” అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ వాక్యాన్ని రెండు రోజులు మనసులో చదువుకున్నాను.

ఏడెనిమిది నెలల తర్వాత వడమాలపేట దగ్గర ప్రమాదం జరిగింది. ఉదయం ఎనిమిదిన్నర అయ్యుంటుంది. పెద్ద వేగం కూడా కాదు. రోడ్డుకు అడ్డంగా కుక్క వచ్చింది, బ్రేకు వేశాను, అంతే గుర్తుంది. లేచేసరికి రోడ్డు పక్క మట్టిలో ఉన్నాను. కుడి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మత్తు దిగాక డాక్టరు వచ్చి, “చెయ్యి పైకెత్తమ్మా” అన్నాడు.

ఎత్తాననే అనుకున్నాను. చూస్తే మణికట్టు దగ్గర నుంచి చెయ్యి కిందికి వేలాడుతోంది. తడి గుడ్డ ఆరేసినట్టు. నొప్పి లేదు. నొప్పి ఉండుంటే అంత భయం వేసేది కాదేమో. ఎత్తు, ఎత్తు అని లోపల అంటూనే ఉన్నాను, నా మాట అక్కడిదాకా పోవడం లేదు. ఎముక విరిగినప్పుడు దానికి చుట్టుకుని పోయే నరం నలిగిందని, చాలామందికి తిరిగి వస్తుందని, నెలలు పట్టవచ్చని డాక్టరు చెప్పాడు. ‘చాలామందికి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మిగతాది బుర్రకెక్కలేదు.

మూడో వారం నుంచి ఫిజియోథెరపీకి పంపారు. ఆ గదిలో ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు. నా పక్క కుర్చీలో నగరి నుంచి వచ్చే ఒకామె కూర్చునేది. యాభై దాటి ఉంటాయి. మరమగ్గం మీద పనిచేస్తుండగా కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెగితే కుట్టారట. ఆ వేళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. నా వేళ్లు లేవవు, ఆమె వేళ్లు వంగవు.

“ఇద్దురం కలిస్తే ఒక సెయ్యి అవుతాది పాపా” అంది మొదటిరోజే.

ఫిజియో మేడం నాకంటే చిన్నదే. చేతికి కరెంటు పెట్టడం అయ్యాక, మణికట్టు కింద దిండులాంటిది పెట్టి, ఒక పాత టాబ్ తెచ్చి నా ముందు ఆనించింది. తెర మీద వీధి కుళాయి, కింద బిందె.

నేను ఆ కుళాయి వంకే చూశాను. ఆమె నేను అర్థం కాక చూస్తున్నాననుకుని చెప్పసాగింది.

“భయపడొద్దండి, సులువే. వేలు పెట్టి, నిండేటప్పటికి పైకి లేపాల. అంతే. మీకు లేపేదే గదా కావాల్సింది. ఈ ఆట ఎట్ల దొరికిందో తెలుసా? మా పేషెంట్లకు నిదానంగా ఆడే ఆట ఏదన్నా ఉంటాదా అని వెతకతా ఉంటే ఒక రివ్యూ కనబడింది. ఎవరో దీనికి రెండు మార్కులేసి, చేతులు పడిపోయినోళ్లు తప్ప ఎవరూ ఆడలేరని రాసినారు. చదివి కోపమొచ్చింది. మళ్లా అనిపించింది, మనకు కావాల్సింది అదే గదా అని.”

ఆ వాక్యాన్ని వేరేవాళ్ల నోట వినడం అదే మొదటిసారి. దాదాపు ఉన్నదున్నట్టే చెప్పింది. రాసింది నేనేనని చెప్పలేదు. వేలు పెట్టాను. నీళ్లు పడ్డాయి. బిందె నిండింది. వేలు తీయాలి. తీయలేకపోయాను. నీళ్లు పొర్లుతూనే ఉన్నాయి, తెర అడుగంతా తడిసింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పక్కన పెట్టుకున్నాను.

“మొదట్లో అందురికీ అంతే” అని నగరి ఆమె టాబ్ తనవైపు లాక్కుని, బిగుసుకున్న వేళ్లను మెల్లగా వంచబోతూ, బిందెను పట్టి గడప దాకా జరిపింది. ఒక్క చుక్క తొణకలేదు. పళ్లు బిగబట్టి ఉంది. నొసటి మీద చెమట పట్టింది. నేను పదకొండు నిమిషాల్లో వదిలేసిన ఆట ఆమె గంటసేపు ఆడింది.

అలా పది రోజులు నోరు మూసుకుని ఆ గదికి వెళ్లివచ్చాను. రోజూ బిందె పొర్లేది. పదకొండో రోజో పన్నెండో రోజో, చూపుడు వేలు వెంట్రుకవాసి లేచింది. నాకు కనబడలేదు, ఆమెకు కనబడింది.

“లేసింది, సూడు, లేసింది” అని నా మోచెయ్యి పట్టుకుంది.

నాకు ఏడుపు వచ్చేసింది. ఆ ఏడుపులోనే చెప్పేశాను. “అక్కా, ఆ రివ్యూ రాసింది నేనే.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. “ఏం రాసినావు?”

“ఈ ఆటకు రెండు మార్కులేసింది. చేతులు పడిపోయినవాళ్ల గురించి రాసింది.”

ఆమె నా చేతి వంక చూసి, తర్వాత నా ముఖం వంక చూసింది. ఫిజియో మేడం చేతిలో పని ఆపి నిలబడిపోయింది. తిడతారేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

“నీకు మార్కులేసే పని ఎవురిచ్చినారు?” అని అడిగింది నగరి ఆమె. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఎవరూ ఇవ్వలేదని, నేనే రాసి పంపానని చెప్పాను.

“మా ఓనరు గూడా అంతే. సీర మడత ఇప్పకుండానే బాగలేదంటాడు” అని తన వేళ్ల వ్యాయామంలో పడిపోయింది. ఆ రోజు మళ్లీ నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు మామూలుగానే మాట్లాడింది.

ఇంటి దగ్గర కూడా ఆడదామని నా ఫోనులో ఆ ఆట కోసం వెతికితే దొరకలేదు. కొత్త ఫోన్లకు అది రావడం లేదని, తమ దగ్గర ఉన్నది ఆ టాబ్ ఒక్కటేనని, దాని బ్యాటరీ కూడా ఉబ్బుతోందని ఫిజియో మేడం చెప్పింది. నా రెండు మార్కులు చూసి ఆట చేసినాయన దాన్ని తీసేసి ఉంటాడని అనుకున్నాను. పాత మెయిళ్లు వెతికితే ఆయన రాసిన మెయిలు దొరికింది. రివ్యూ చేయమని తనే పంపాడు. ‘తీరిక చేసుకుని ఆడి చూడగలరు’ అని ఉంది. తీరిక అన్న మాట నేను అప్పుడు చూడనే లేదు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టి ఆయనకు రాశాను. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నానని, ఆదివారమైతే కలవవచ్చని జవాబు వచ్చింది.

ఫోనులో మాట్లాడితే సరిపోయేది. కానీ ముఖం చూసి చెప్పాలనిపించింది. పట్టీ కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని బస్సులు మారి తడలో దిగాను. హైవే పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా చెయ్యి చూసి తనే బెంచీ మీద చోటు తుడిచాడు.

నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆయన అన్నాడు, “మీరు రాసింది మా ఇంట్లో అందరికీ సదివి వినిపించినా మేడం.”

నా ఎడమచేతికి టీ గ్లాసు అందించాడు.

“ఆ ఆట గురించి రాసింది మీరొక్కరే. ఇరవై ముప్పైమందికి పంపినా, ఎవురూ జవాబే ఇయ్యలే. మీరు ఐదు పేరాలు రాసినారు. మా ఆవిడ రెండే మార్కులా అనింది. నేనన్నాను, మార్కులు పోనీలే, ఎవురో ఒకరు కూసోని ఆడినారు గదా అని.”

గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టేశాను. ఆయన ముఖంలో వెటకారం కోసం వెతికాను. లేదు. ఆయన నిజంగానే సంతోషపడ్డాడు. నేను వేసిన రెండు మార్కులకు ఒక ఇంట్లో మనుషులు కూర్చుని సంతోషపడ్డారు.

“నేను పదకొండు నిమిషాలే ఆడాను” అన్నాను.

ఆయన రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. అంత దూరం వచ్చి ఈ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క సంతోషం, అది కూడా లాక్కున్నట్టయింది.

లారీల మీది నుంచి చూపు తిప్పకుండానే, “పదకొండు నిమిషాలకు ఐదు పేరాలా” అన్నాడు.

ఆసుపత్రి గది గురించి, నగరి ఆమె గురించి, నా వేలి గురించి అప్పుడు చెప్పాను. ఆయన నా వేలు చూపించమన్నాడు. లేపాను. అప్పటికి కాస్త బాగా లేచేది. ఆ వేలిని చూస్తూ కొన్ని ప్రశ్నలు అడిగాడు. బిందె ఇంకా నిదానంగా నిండాలా, కుళాయి బొమ్మ పెద్దది చేయాలా, తొణికితే శబ్దం రావాలా వద్దా అని. నా రివ్యూ వల్ల ఆట తీసేయలేదని అప్పుడే తెలిసింది. కొత్త ఫోన్లకు తగ్గట్టు మార్చాలట, షిఫ్టుల పనిలో కుదరక వదిలేశాడట.

రెండు నెలలకు మార్చి మళ్లీ పెట్టాడు. కుళాయి పెద్దదైంది. ఫిజియో మేడం దాన్ని నలుగురైదుగురి ఫోన్లలో వేసిచ్చింది. ఆ పాత వాక్యాన్ని తీసేయమని చిత్తూరాయనను అడిగానని చెబితే మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

“తీసేస్తే మాలాంటోళ్లకు ఎట్ల దొరకతాది? ఉండనీండి. కింద ఇంకో లైను రాయండి, అది నిజమే అని.”

రాశాను. మార్కులు మాత్రం మార్చలేదు. పదకొండు నిమిషాలకు రెండు వేసి, నా చెయ్యి పడిపోయాక తొమ్మిది వేస్తే, అది ఆటకు వేసినట్టు కాదు, నాకు నేను వేసుకున్నట్టు.

నా చెయ్యి ఆరో నెలకు ముప్పాతిక వచ్చింది, బొటనవేలు ఇంకా బద్ధకిస్తోంది. నగరి ఆమెకు ఒక వేలు వంగింది, రెండోది వంగలేదు. ఇప్పుడు మగ్గం మీద కాకుండా నూలు చుట్టే దగ్గర కూర్చుంటోందట. ఫోను చేసినప్పుడు ఆ సంగతి చెప్పి, “పనైతే ఉండాది, అది సాలు” అంది.

లాడ్జిలో మళ్లీ చేరాక, ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర నా పాత రివ్యూలన్నీ తెరిచి మొదటి నుంచి చదివాను. మూడున్నర, నాలుగు, ఒకటి, ఆరు. ప్రతి ఆట కిందా కోసినట్టున్న వాక్యం ఒకటి. వాక్యాలన్నీ గుర్తున్నాయి. ఆటలు గుర్తు రాలేదు. సగానికి పైగా ఆటల్లో ఏముండేదో, తెర ఏ రంగులో ఉండేదో కూడా గుర్తు రాలేదు. మళ్లీ మొదటికి వెళ్లి చదివాను. అయినా గుర్తు రాలేదు. కౌంటరు ముందు ఒక కుటుంబం సామాన్లతో నిలబడి చాలాసేపటి నుంచి గది ఉందా అని అడుగుతోందని, వాళ్లలో ఒకామె బల్ల మీద తట్టేదాకా నాకు తెలియలేదు.