గోండ్రు కప్పల గడువు

నిన్న పొద్దున్నే క్రోటన్ కుండీలో నీళ్ళు పోస్తుంటే మట్టిలోంచి రెండు కళ్ళు పైకి లేచాయి. వాటి వెనకే ఒంటినిండా పొక్కులతో, గెంతడానికి కూడా బద్ధకించే గోండ్రు కప్ప. నేను చెంబు వదిలేసి కేకపెట్టాను. అది మాత్రం కదల్లేదు. ఆ కుండీ కడియంలో మా పెద్దమ్మ వాళ్ళ నర్సరీ నుంచి తెచ్చుకున్నది. ఆ లెక్కన కప్ప మాకు చుట్టమే.

ఆ నర్సరీ చివర, పంటకాలవ గట్టు పక్కన, కుండీల కోసం మట్టి తవ్వగా తవ్వగా ఏర్పడిన పల్లం ఒకటుంది. ఎండాకాలం బీటలు వారి, తొలకరికి నిండుతుంది. కొన్నేళ్ళ క్రితం పెద్దనాన్న దాన్ని పూడ్చి, మొక్కలకు నీడనిచ్చే షేడ్‌నెట్ వేయాలని తలపెట్టారు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. మట్టి ట్రాక్టర్ వచ్చి ఆగేసరికి మాత్రం పెద్దమ్మ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఆ నీళ్ళలోకి దిగి నిలబడింది. ముందురోజు వానకి కప్పలు గుడ్లు పెట్టాయి. గడ్డిపోచలకు చుట్టుకున్న జిగురు దారాలు, వాటిలో వరసగా నల్లటి చుక్కలు.

“నల్లపూసల్లా ఉన్నాయి, వాటిమీద మట్టి పోస్తారేంటండీ? మన మొక్కల్ని తినే పురుగుల్ని ఏరేది ఈ కప్పలే కదండీ!”

నల్లపూసలనగానే డ్రైవర్‌కి చేతులు రాలేదు, ఇంజన్ ఆపేశాడు. పెద్దనాన్న పళ్ళు కొరుకుతూ, “నెల్లాళ్ళు ఆగుతాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగేది లేదు” అన్నారు.

తీరా ఆ నెల వానలు మొహం చాటేశాయి. గుడ్లు పగిలి తోకకప్పలైతే వచ్చాయిగానీ, పల్లం రోజురోజుకీ ఇంకిపోతోంది. కాళ్ళు రాకముందే ఎండిపోతాయని పెద్దమ్మకు ఒకటే దిగులు. మొక్కల పైపు అటు తిప్పేది. నేను వెళ్ళినరోజు పొద్దున చూద్దును కదా, పల్లంలోకి పైపు పట్టుకుని నిలబడింది పెద్దనాన్న! నన్ను చూసి ఉలిక్కిపడి, “చెయ్యి జారిందమ్మా” అన్నారు. ఆ జారడం అరగంట సాగింది. తర్వాత కొన్నాళ్ళకి మినపగింజంతేసి కప్పపిల్లలు గట్టెక్కుతుంటే, పంచె ఎత్తిపట్టి అడుగులో అడుగేసుకుంటూ నడిచారట. అది విని ఎంత సంతోషపడ్డానో.

నిన్న సాయంత్రం కప్పను కుండీతో సహా కడియం తీసుకెళ్ళాను. షేడ్‌నెట్ పల్లం దాకా వచ్చి, దాన్ని వదిలేసి పక్కకి వంకర తిరిగింది. నీళ్ళలో మళ్ళీ నల్లటి దారాలు. పెద్దనాన్న కప్పను ఒడ్డున దింపారు.

“ఇంకా పూడ్చలేదేంటి పెద్దనాన్నా?” అని ఏడిపించాను.

“నెల్లాళ్ళవనీ అమ్మా” అన్నారు.

ఏళ్ళు ఇట్టే గడిచిపోతాయి. పెద్దనాన్న ఇచ్చిన ఆ నెల్లాళ్ళు మాత్రం ఇంకా పూర్తికాలేదు.