అత్త పోసిన అల్లం రసం

మొన్న శ్రీకాకుళంలో గుండె డాక్టరు నాకు రక్తం పలచబడే మాత్రలు రాస్తూ, ఇవి కాక ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే, మన ఈడు వాళ్లందరిలాగే లేదని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

బొబ్బిలిలో కిరాణా కొట్టు నడిపిన మా మేనత్త భర్త, అంటే మా మావ, ఒకప్పుడు ఇవే మాత్రలు వేసుకునేవాడు. అత్త రోజూ పొద్దున్నే అల్లం దంచి, రసం పిండి, బెల్లం కలిపి ఇంటిల్లిపాదికీ తలో గ్లాసు పోసేది. చుట్టాలకీ తప్పేది కాదు. తాయెత్తులనూ విభూతినీ వేదికలెక్కి చీల్చి చెండాడే నేను, ఆ గ్లాసును మాత్రం, మంత్రం లేని వైద్యం కనుక ఇది అచ్చమైన సైన్సని మెచ్చుకున్నాను. ఆ మాట పట్టుకుని అత్త మావకు రెండో గ్లాసు మొదలుపెట్టింది.

నెల తిరక్కుండానే మావకు పళ్లు తోముకుంటే చిగుళ్ల నెత్తురు ఆగడం మానేసింది, చేతుల మీద కమిలిన మచ్చలు తేలాయి. అత్త దిష్టి అని తేల్చి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది. కబురంది వెళ్లిన నేను, దిష్టి అన్నదే లేదని గంటసేపు వాదించాను.

"తాగరా ముందు, గొంతెండిపోతాది. తర్వాత సెప్పుదువు," అని అత్త నా చేతిలో గ్లాసు పెట్టింది. తాగుతూనే వాదించాను. ఎదురుగా మావ కూడా తాగుతున్నాడు.

చివరికి నేనే గెలిచి, ఇద్దరినీ శ్రీకాకుళం బస్సెక్కించాను. ఇంకేం వాడుతున్నారని డాక్టరు అడిగితే మావ ఏమీ లేదన్నాడు. మరి పొద్దున్నే ఏం తాగుతారని గుచ్చి గుచ్చి అడిగేసరికి అల్లం బయటపడింది.

"అల్లం మందేటి బాబూ? వంట సామాను. సైన్సని మా మేనల్లుడే సెప్పినాడు," అంది అత్త.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద కేలండరు చదవసాగాను.

కూరలో ముక్క పడితే ఫరవాలేదు గానీ, ఈ మాత్రలు మింగేవాళ్లు గ్లాసులకొద్దీ రసం తాగితే నెత్తురు కారడం ఎక్కువ కావచ్చని చెప్పి, ఆయన పరీక్షలు చేయించి, మాత్ర మోతాదు సరిచూసి, గ్లాసు మాన్పించాడు. కొన్నాళ్లకు మావ తేరుకున్నాడు.

ఆ రోజు తిరుగు బస్సులో అత్త నా వైపు తిరిగి అంది: "ఒరే, దిష్టిని నమ్మితే ఒక గుమ్మడికాయే పోయినాది. నిన్ను నమ్మితే మీ మావే పోయుండును."

అందుకే మొన్న, సాయంత్రాలు నేనే కాచుకునే అల్లం కషాయం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాను, మానమన్నాడు, మానేశాను. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. అల్లం మహిమల మెసేజీలు ఫోనుకు రోజూ వచ్చిపడుతున్నాయి, ఒక్కటీ నీకున్న జబ్బేమిటని అడగదు. నా వాదనకు అత్తలా ఎవరూ అడ్డు రావడం లేదు. అందుకే అది ఎక్కడ తప్పుతోందో నాకూ తెలియడం లేదు.